వెనక సీటు మడిచే కారు

"నువ్వు ఆ కంపెనీలో సంతకం పెట్టావంటే ఈ ఇంటి గడప మళ్ళీ తొక్కను" అంది ఆడపడుచు.

అలాగని లేచి వెళ్ళిపోయిందా అంటే, లేదు. సోఫాలో ఇంకాస్త వెనక్కి జరిగి, దిండు ఒళ్ళోకి లాక్కుని, కాలు మీద కాలు వేసుకుంది. గడప తొక్కనని బెదిరించేవాళ్ళు ముందు సోఫా దిగాలన్న సంగతి ఆమెకి తోచినట్టు లేదు.

ఆ మాట పడ్డ తమ్ముడి భార్య, కర్టెన్లు కుట్టే కర్టెన్లమ్మ, అద్దం ముందు నుంచి కదలకుండా జడ అల్లుకుంటోంది. మూడు గంటలకల్లా అప్పు కంపెనీలో ఉండాలి. రెండు బ్యాంకుల వాళ్ళు ఆమె ముఖం చూసి నవ్వి, కంప్యూటర్లో ఆమె పేరు చూడగానే నవ్వు మానేశారు. దివాలా తీసినవాళ్ళకి కూడా కారు అప్పు ఇస్తామన్నది ఆ కంపెనీ ఒక్కటే. వడ్డీ నడ్డి విరిచేలా ఉంది. అయినా ఇస్తామన్నారు.

"మంచిది వదినా" అంది జడకి రబ్బరు బిగిస్తూ. "సంతకం పెట్టగానే ఫోన్ చేస్తాను. ఎప్పటినుంచి రావడం మానెయ్యాలో మీకూ తెలియాలి కదా."

"చూశావట్రా తమ్ముడూ! చూశావా నీ పెళ్ళాం నోరు?"

తమ్ముడు లెక్కల మాస్టారు. ఇంటి మేడమీద ట్యూషన్లు చెబుతాడు. నోరు తెరిస్తే వీధి చివరికి వినిపించే గొంతు, అక్క ముందు మాత్రం కుక్కిన పేను. గోడ గడియారం వైపు చూసి "టైమవుతోంది" అన్నాడు. ఆ మాట ఎవరి పక్షమో ఎవరికీ తెలియలేదు.

కిటికీ దగ్గర అత్తగారు కొత్త కర్టెను అంచుకి కొక్కేలు తగిలిస్తోంది. కోడలి దుకాణం మూతపడ్డ దగ్గర్నుంచి కొక్కేల పని ఆవిడదే. ఆవిడ తల ఎత్తలేదు.

"చెల్లెమ్మా, మీ వదిన మాట కాస్త వినమ్మా" అన్నాడు ఆడపడుచు భర్త, టీ కప్పు బల్ల మీద పెడుతూ. ఆయనకి టైర్ల షాపు ఉంది. అందరూ టైర్లాయన అంటారు. "బండి నా పేరున తీద్దాం. నాకు వడ్డీలో సగం తగ్గుతుంది. నెలనెలా కట్టేది నువ్వే, నడిపేది నువ్వే. పేరొక్కటేగా నాది."

"పేరొక్కటే అని మీకనిపిస్తుంది అన్నయ్యగారూ. మీకు ఉంది కాబట్టి."

ఏడాదిగా ఆ ఇంట్లో కర్టెన్లమ్మ పేరున ఏదీ లేదు. ఫోను మాస్టారి పేరున ఉంది. ఇంట్లో మిగిలిన చిన్న కుట్టు మిషను అత్తగారి పేరున ఉంది. చివరికి గ్యాసు కూడా ఇంకొకరి పేరునే వస్తుంది. దుకాణం నడిచిన రోజుల్లో బోర్డు మీద ఆమె పేరు మూరెడు అక్షరాల్లో ఉండేది. దాన్ని దింపిన రోజున ఆమె ఏడవలేదు. బోర్డు వెనక్కి తిప్పి, దాని మీద గుడ్డ పరిచి, కత్తిరింపుల బల్లగా వాడుకుంది. అలాంటి మనిషి.

"ఇంతకీ ఏ బండి?" టైర్లాయన ఆగలేకపోయాడు. "వెనక సీటు మడుస్తుందా?"

"అందుకే అది తీసుకుంటున్నా. సీటు మడిస్తే కర్టెను రాడ్లు డ్రైవరు పక్కదాకా పడతాయి. పోయినసారి బస్సులో తీసుకెళ్తుంటే కండక్టరు, 'అమ్మా, ఇది బస్సనుకున్నావా, కట్టెల లారీ అనుకున్నావా' అని దింపేశాడు."

"టైర్లు చూశావా?"

"ముందువి బాగానే ఉన్నాయి. వెనకవే కాస్త అరిగాయి."

"అరిగిన టైర్లతో నడపకు. మన షాపుకి తీసుకొచ్చెయ్, నేను..."

"మీరు కాసేపు ఊరుకుంటారా!" అంది ఆడపడుచు.

ఆయన ఊరుకున్నాడు. పాపం, ఎంతసేపనీ! టైర్లాయన నోట్లో నువ్వుగింజ నానదని బంధువులందరికీ తెలుసు.

"ఇదిగో అమ్మాయ్, సూటిగా చెప్తున్నా" అంది ఆడపడుచు. "బండి మా పేరున ఉంటే నీకు పనున్న రోజు వాడుకో. లేని రోజు మా ఇంటి ముందుంటుంది. నీ పేరున ఉంటే ఏమవుతుంది? రెండు నెలలు కడతావు, మూడో నెల చేతులెత్తేస్తావు. వాళ్ళొచ్చి వీధిలో అందరి ముందూ బండి లాక్కుపోతారు. మావాడి పరువు ఒకసారి తీశావు, చాలదా?"

"దివాలా తీశాను వదినా. దొంగతనం చెయ్యలేదు. ఉన్నదంతా కోర్టు ముందు పెట్టాను. ఏదీ దాచలేదు, ఎవరికీ దోచిపెట్టలేదు. మొన్నటికి మొన్న కోర్టు నన్ను వదిలేసింది. ఇంకా మీరే వదల్లేదు."

"నేనా? నేను వదల్లేదా?" ఆడపడుచు దిండు పక్కన పడేసింది. "నీ దుకాణంలో పోసిన నా డబ్బు నేను వదిలేశాను. లోకమంతా నీ మీద పడి కేసులు వేస్తే నేనొక్కదాన్నే నోరెత్తలేదు. మర్చిపోయావా?"

కర్టెన్లమ్మ మర్చిపోలేదు. ఆ ఇంట్లో ఆమె తల వంచే చోటు అదొక్కటే. దుకాణం మునిగినప్పుడు 'అక్క తన డబ్బు వదిలేసింది, ఇక అడగదు' అని మాస్టారు చెప్పాడు. ఆ ఒక్క మాటకి ఏడాదిగా ఆమె వదిన విసుర్లన్నీ మింగింది. వదిన కొత్త ఇంటికి మేడ మీదా కిందా అన్ని గదులకీ కర్టెన్లు కుట్టి, తగిలించి, కుట్టుకూలి మాట ఎత్తకుండా వచ్చింది. ఆ తరవాత వదిన 'కుచ్చిళ్ళు సరిగ్గా పడలేదు' అంటే మళ్ళీ వెళ్ళి సరిచేసి వచ్చింది.

ఆమె గొంతు తగ్గింది. వచ్చి ఆడపడుచు ఎదురుగా నిలబడింది.

"మర్చిపోలేదు వదినా. కొత్తగా కట్టిన ఒక హోటలువాళ్ళు గదులన్నిటి కర్టెన్ల పనీ బండి ఉంటేనే ఇస్తామన్నారు. బండి వస్తే పని వస్తుంది. మొదటి సంపాదనలోంచి మీ డబ్బే తీర్చడం మొదలుపెడతాను. అన్నయ్యగారి ముందే చెప్తున్నా."

టైర్లాయన చటుక్కున తల ఎత్తాడు.

"ఏ డబ్బమ్మా?"

"అదే, దుకాణానికి మీరిచ్చినది."

"అది వచ్చేసిందిగా!" అన్నాడాయన. "మీరు కోర్టుకి వెళ్ళేముందే మాస్టారు తెచ్చిచ్చేశాడుగా. ఆ పెద్ద మిషన్లు రెండూ అమ్మి. మొత్తం ఇచ్చేశాడు, నేనే లెక్కపెట్టుకున్నా. మీ వదిన చెప్పలేదా?"



అత్తగారి చేతిలో కొక్కెం అలాగే ఆగింది. ఆడపడుచు ముఖం తేలు కుట్టిన దొంగ ముఖంలా అయింది. మాస్టారు మళ్ళీ గోడ గడియారం వైపు చూశాడు గానీ ఈసారి టైము చెప్పలేదు.

టైర్లాయనకి తను ఏదో తొక్కానని అర్థమైంది. ఏం తొక్కాడో తెలియలేదు. "ఏం? నేనేమన్నా..." అని ఆగిపోయాడు.

"మిషన్ల డబ్బు దుకాణం అద్దెకి కట్టానన్నారు" అంది కర్టెన్లమ్మ భర్తతో. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "నేను కోర్టులో అదే చెప్పాను. ప్రమాణం చేసి చెప్పాను."

మాస్టారు చూపు నేల మీదికి దించుకున్నాడు.

"అప్పుల లెక్క తేల్చడానికి కోర్టువాళ్ళు పెట్టిన ఆ పెద్దమనిషి నన్ను రెండుసార్లు అడిగాడు. 'మీవాళ్ళకి ఎవరికైనా ముందుగా కట్టారా అమ్మా, కడితే తప్పు, అప్పులవాళ్ళందరూ ఒక్కటే' అని. నేను ఆయన మీద ఎగిరాను. 'మేం అలాంటివాళ్ళం కాదు' అన్నాను. గుర్తుందా మీకు? మీరు నా పక్కనే కూర్చున్నారు."

"గుర్తుంది" అన్నాడు మాస్టారు.

"ఇంకా ఎందుకు సాగదీస్తావు?" ఆడపడుచు తేరుకుంది. "నా డబ్బు నాకిచ్చాడు, దానికి ఇంత రాద్ధాంతమా? అయినా అయిపోయిన కేసు."

"అయిపోలేదు. అప్పు కంపెనీ అమ్మాయి నిన్న ఫోన్లో చెప్పింది. చివరి సంతకానికి ముందు అదే ప్రశ్న అడుగుతారట. ఎవరికీ విడిగా కట్టలేదని నేను రాసివ్వాలి."

"కట్టలేదని రాసెయ్!"

"ఇందాక సంతకం పెడితే గడప తొక్కనన్నారు. ఇప్పుడు పెట్టమంటున్నారా?"

"కట్టామని చెప్తే?" ఆడపడుచు గొంతులో మొదటిసారి బెరుకు వినిపించింది. "నా దగ్గర వసూలు చేస్తారా?"

"చేస్తారేమో. చెయ్యాలి కూడా. ఆ డబ్బులో అందరికీ వాటా ఉంది."

"పోనీ మనమే ఇచ్చేద్దామే" అన్నాడు టైర్లాయన.

"మీరు నోరు మూసుకోండి! ఇప్పటికి చేసింది చాలు."

అత్తగారు కర్టెను పక్కన పెట్టి లేచింది. కోడలి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీ కోపం న్యాయమే. ఇది చేసినవాడు నా కొడుకు, చేయించుకున్నది నా కూతురు. కానీ బయటపడితే రేపు వాడి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపిస్తారు? ఇంటిగుట్టు ఇంట్లోనే ఉండనీ. బండి తెచ్చుకో. మిగతాది తరవాత చూద్దాం."

ఏడాదిగా తన పక్షాన నిలబడ్డది ఆ ముసలావిడ ఒక్కతే. ఆవిడే ఇలా అడుగుతోంది. కర్టెన్లమ్మ చెయ్యి విడిపించుకోలేదు. మెల్లగా అంది.

"అత్తయ్యా, ఏడాదిగా వీధిలో తల ఎత్తుకుని నడిచాను. ఎందుకో తెలుసా? నా దగ్గర డబ్బు లేదు గానీ అబద్ధం కూడా లేదనుకున్నాను. ఆ నడక కూడా అబద్ధమేనన్నమాట."

చెప్పులు వేసుకుని గడప దాటింది. వెనక ఆడపడుచు ఏదో అంటూనే ఉంది. మాస్టారు ఒక్క క్షణం అక్క వైపు చూసి, భార్య వెంట నడిచాడు.

*

బస్టాపులో ఎండ నెత్తిన కొడుతోంది. బెంచీ మీద ఇద్దరికీ చోటున్నా మాస్టారు కూర్చోలేదు.

"ఆ రోజు డబ్బు కోసం అక్క ఏడ్చింది" అన్నాడు.

"నేనూ ఏడ్చాను. అప్పుడు మీరేం అమ్మారు?"

అతను దెబ్బ తిన్నట్టు చూశాడు. "అది కాదు. జాబితా రాసేటప్పుడు అక్క పేరు పరాయివాళ్ళతో కలిపి ఎలా రాస్తాం? మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకున్నది అప్పని ఎవరూ అనరు. నాన్న ఉన్నప్పటినుంచీ అంతే. అప్పే కానప్పుడు జాబితాలోకి రాదనుకున్నాను. జాబితాలో లేనిది తీరిస్తే తప్పు కాదనుకున్నాను."

"లెక్కల మాస్టారు వేసిన లెక్కేనా ఇది?"

అతను బస్సు వచ్చే దారి వైపు తిరిగాడు.

"అప్పు కాకపోతే తిరిగి ఎందుకిచ్చారు? అప్పయితే నా దగ్గర ఎందుకు దాచారు? ఏదో ఒకటి చెప్పండి. రెండూ ఒకేసారి కుదరవు."

బస్సు ఒకటి వచ్చి, వాళ్ళది కాక, వెళ్ళిపోయింది.

"గుడ్డల తాత సంగతేమిటి?" అంది ఆమె. దుకాణానికి మొదటినుంచీ బట్ట అప్పిచ్చిన ముసలాయన. కోర్టు పంచినదాంట్లో ఆయనకి నూటికి పది కూడా ముట్టలేదు. "నేను మొహం చెల్లక ఆయన వీధిలోకే వెళ్ళలేదు. ఆయనే కబురుపెట్టి పిలిచి, 'పోయింది పోయిందమ్మా, నువ్వు నిజాయితీగా చెప్పావు, అది చాలు' అని మళ్ళీ బట్ట ఇస్తున్నాడు. నిజాయితీ అన్నాడండీ. ఆయన వాటాలో కొంత మీ అక్క ఇంట్లో ఉంది. ఆ ఇంటి కిటికీలకి నేను ఉత్తపుణ్యానికి కర్టెన్లు కుట్టాను."

"నేను తీర్చుదామనుకున్నాను. మెల్లగా. నీకు తెలియకుండా."

"నాకు తెలియకుండా చెయ్యడం మానండి ముందు!"

పక్కన నిలబడ్డావిడ తిరిగి చూసింది. కర్టెన్లమ్మ ఆవిడ వైపు చూసి, చూస్తే చూడనీ అన్నట్టు తల తిప్పుకుంది. కోపం వస్తోంది, దాని అడుగున ఏడుపు వస్తోంది. ఏడుపుని రానివ్వదలచుకోలేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అని అడిగాడు మాస్టారు.

"నాకు బండి కావాలి. ఏడ్చి, అడుక్కుని కాదు. ఒకరి పేరున కాదు, ఒకరి దయ మీద కాదు. అబద్ధం మీద అసలే కాదు. అడిగితే కట్టామని చెప్తాను. ఎవరు కట్టారంటే మాత్రం మీ పేరు నేను చెప్పను. భర్తని పట్టిచ్చి బండి తెచ్చుకుందన్న పేరు నాకొద్దు. అది మీరే చెప్పాలి."

"నేను చెప్పలేకపోతే?"

"అప్పుడు, నమ్మి అప్పు కూడా ఇవ్వకూడని మనిషిని పెళ్ళి చేసుకున్నానని తెలుసుకుంటాను."

వాళ్ళ బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కింది.

*

అప్పు కంపెనీ హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అప్పు అడగడానికి వచ్చినవాళ్ళ ముఖాలు ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి. అందరూ గోడమీది కారు బొమ్మల వైపు చూస్తారు, ఒకరినొకరు చూసుకోరు. మాస్టారు లోపలికి రాగానే దాహమంటూ తలుపు పక్కనున్న నీళ్ళ డబ్బా దగ్గర ఆగిపోయాడు.

కళ్ళజోడమ్మాయి కర్టెన్లమ్మని చూసి నవ్వింది. ఆమె అప్పు కాగితాలు మొదటినుంచీ చూసింది ఆ అమ్మాయే. "రండక్కా, అంతా రెడీ" అంటూ సొరుగు లాగి కారు తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. బండి కిటికీలోంచి కనిపిస్తోంది. తెల్లది. ఎవరో కడిగి పెట్టారు.

"ఒక్క ప్రశ్న మిగిలింది. ఊరికే అడగాలి కాబట్టి అడుగుతున్నా. దివాలా కేసు వేసే ముందు సొంతవాళ్ళకి గానీ, ఇంకెవరికైనా గానీ విడిగా డబ్బు కట్టారా? ఆ కేసు మళ్ళీ తెరిస్తే మేమిచ్చిన బండి కూడా అందులోకి లాగుతారు, అందుకని." అడుగుతూనే 'లేదు' అన్న చోట గీత పెట్టబోయింది.

"కట్టాం" అంది కర్టెన్లమ్మ.

అమ్మాయి చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూసి, ముందుకి వంగి గొంతు తగ్గించింది.

"అక్కా, మీరిప్పుడన్నది నేను వినలేదు. మీకోసం మా మేనేజరుతో ఎంత పోట్లాడానో నాకు తెలుసు. ఇది పోతే ఇంకెవరూ ఇవ్వరు మీకు. ఈ మాట ఎవరికీ తెలిసే దారి కూడా లేదు. మళ్ళీ అడుగుతాను. లేదనండి, తాళాలు తీసుకెళ్ళండి."

తాళాలు చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాయి.

కావాలనిపించింది. ఏడాదిలో దేన్నీ అంతగా కోరుకోలేదు. సీటు మడిచి, రాడ్లు పడుకోబెట్టి, అద్దం దించి, తన బండిలో తనే హోటలు ముందు దిగడం కళ్ళముందు కనిపించింది. వదిన అవమానించినప్పుడు రాని కన్నీళ్ళు, ఈ పిల్ల మంచితనానికి వచ్చాయి. కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"కట్టారా, లేదా?" అని అడిగింది అమ్మాయి, పెద్దగా, మొదటిసారి అడుగుతున్నట్టు.

కర్టెన్లమ్మ తాళాలని వేలితో ఆ అమ్మాయి వైపు నెట్టింది. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"నువ్వు వినలేదన్నావు కదమ్మా. అందుకని మళ్ళీ చెప్తున్నా. కట్టాం! కోర్టుకి తెలియకుండా మావాళ్ళకి మొత్తం కట్టాం. పరాయివాళ్ళ నోట్లో మట్టి కొట్టాం. నాకు ఇవాళే తెలిసింది, ఇవాళే చెప్తున్నాను. రాసుకో. ఫోన్ చెయ్యాల్సినవాళ్ళకి చెయ్యి. ఆ డబ్బు కక్కించి అందరికీ పంచమను. పంచాక మళ్ళీ వస్తాను, ఇదే కుర్చీలో కూర్చుంటాను, ఇదే బండి అడుగుతాను. అప్పుడు కూడా నా పేరునే!"

హాల్లో కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. అద్దాల గది తలుపు తెరుచుకుని మేనేజరు బయటికి వచ్చాడు.

"ఏమిటమ్మా గొడవ? ఎవరు కట్టారు? ఎవరికి?"

కర్టెన్లమ్మ నీళ్ళ డబ్బా వైపు చూసింది. బల్ల ముందు తన పక్కనున్న ఖాళీ కుర్చీని చేత్తో బయటికి లాగింది.

నీళ్ళ డబ్బా దగ్గర మాస్టారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలుపు అతనికి ఒక్క అడుగు దూరం. కుర్చీకి హాలంతా దాటి రావాలి. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. ఎవరి ఫోనో అతని ముఖమే చెప్పింది.

ఫోను మోగుతూనే ఉంది. మేనేజరు అతన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అక్కతో మాట్లాడతారో, ఇటొచ్చి కూర్చుంటారో మీ ఇష్టం" అంది కర్టెన్లమ్మ హాలు ఆ చివరికి వినపడేలా. "మీ తరఫున ఇంకెక్కడా నేను మాట్లాడను."